భీమశంకరం గుమ్మాలు

తన మొగుడు భీమశంకరం ఎవరేమన్నా తలూపే గంగిరెద్దని కనకవల్లికి పెళ్లయిన కొత్తలోనే తెలుసు. కొత్తపేటలో ఇల్లు అమ్మకానికి పెట్టాక ఆ సంగతి కాలనీ అంతటికీ తెలిసింది.

ఇల్లు చూడవచ్చిన ఒకాయన ఫోన్‌లో దిక్కులు చూసి, వాస్తు ప్రకారం వీధి గుమ్మం ఉత్తరాన ఉండాలన్నాడు. భీమశంకరం తూర్పుది మూయించి ఉత్తరాన తీయించాడు. ఇంకొకాయన ఉత్తరానికి వీధిపోటు అన్నాడు. అదీ మూయించాడు. కొన్నవాడు ఒక్కడూ లేడు గానీ, నోరున్న ప్రతివాడూ ఈయనకు విశ్వకర్మే. ఇప్పుడు ఎవరొచ్చినా పెరటి వైపు నుంచి అంట్లగిన్నెలు దాటుకుని లోపలికి రావాలి.

ఆదివారం చర్చి అయ్యాక ఇమ్మానుయేలు అనే ఆయన ఇల్లు కొందామని అలాగే దాటుకుని వచ్చి అంతా చూశాడు.

"గుమ్మం ఏ దిక్కున కావాలో చెప్పండి, రేపే తీయించేస్తాను," అన్నాడు భీమశంకరం ఆత్రంగా.

"మాకు గా పట్టింపుల్లేవు సార్. ఎట్లయినా కూలగొట్టి కొత్తది కట్టుకుంటం. జాగ నచ్చింది."

భీమశంకరం దానికీ తలూపాడు.

"ఆ కూలగొట్టే పని కూడా ఈయనకే అప్పజెప్పండి బాబూ," అంది కనకవల్లి. "సగం ఇప్పటికే కానిచ్చేశారు."