కూలి అన్న ఒక్క మాట

ఎల్లెల్బీ చివరి ఏడాదికి వచ్చాక ఏ చట్టాన్ని నమ్ముకోవాలో తేల్చుకోవలసి వచ్చింది. నిజామాబాదులో సెలవుల్లో నాకు పని నేర్పే పెద్ద వకీలుకైతే ఏ సందేహమూ లేదు. "భూమి కేసులు పట్టు. తాత ఏసిన దావా మనుమడు కొట్లాడుతడు, నీకు జిందగీ అంత బువ్వ" అనేవాడు. గెలిచినవాడు ఇంట్లో ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడంటారు. వకీలు మాత్రం ఎక్కడా ఏడవడు.

నా మనసు కార్మిక చట్టం మీద ఉంది. దానికి కారణం మా బాపు చెయ్యి.

మాది రుద్రూరు దగ్గర ఊరు. కొంత చెరుకు ఊళ్ళోనే ఒక ఆసామి ఇంజను గానుగలో ఆడించి బెల్లం వండుకునేవాళ్ళం. చెరుకు గడలు గానుగలో పెట్టడానికి ఆసామి జీతగాళ్ళను పెట్టలేదు. రైతులే ఈ రోజు నీకు, రేపు నాకు అని బదులు పని చేసుకునేవారు. అలా చేసినవాళ్ళ దగ్గర గానుగ కిరాయి కింద బెల్లం కాస్త తక్కువ తీసుకునేవాడు. పక్క చేనువాళ్ళ చెరుకు పెడుతుండగా బాపు కుడిచెయ్యి లోపలికి పోయింది. డాక్టర్లు మోచేతి దాకా తీసేశారు. ఆసామి ఒక్కసారి వచ్చి, "నసీబు" అని పోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

వకీలు అంతా విని తల ఊపాడు. "తగ్గిచ్చిన బెల్లమే కూలి. ఆసామి కింద కూలికి చేసిన అని మీ బాపు చెప్పాలె. పరిహారం ఎట్ల రాదో చూస్త."

ఆ మాట పట్టుకుని సంబరంగా ఊరికి పోయాను. అవ్వ, అంటే మా అమ్మ, బాపుకు ముద్దలు కలిపి పెడుతోంది. విషయం చెప్పాను.

"నేనెవ్వని కింద కూలి జెయ్యలే" అన్నాడు బాపు. "నా వంతు నేను జేసిన."

"జడ్జి ముంగట ఒక్కసారి అంటే సాలు, బాపు."

"అంటే ఏం బోతది? పోరడు నీ కోసమే తిరుగుతుండు" అంది అవ్వ.

బాపు ముద్ద వద్దన్నాడు. "గా సట్టం ఎవలికి?"

"కూలోళ్ళకు."

"మరి నాకెందుకు? నేను పట్టాదారుని. చెయ్యి ఎట్లాగూ పాయె, పేరన్న ఉండనియ్యి బిడ్డా."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎంత బతిమాలినా ఆయన కదలలేదు. కేసు వేయలేదు.

నేను మాత్రం కార్మిక చట్టమే తీసుకున్నాను. తర్వాత వేళ్ళు పోయినవాళ్ళ తరఫున, కాళ్ళు పోయినవాళ్ళ తరఫున బోధనులో, నిజామాబాదులో వాదించాను. కొందరికి పరిహారం వచ్చింది కూడా. బాపు ఒక్కసారైనా నా కేసుల సంగతి అడగలేదు.

ఊళ్ళో ఎవరైనా అడిగితే, "మావోడు భూముల వకీలు" అనేవాడు. ఒకసారి నా ముందే అన్నాడు. ఆ అడిగినాయన నా వైపు చూస్తే, అవునన్నాను.