ఇంకొక్క తూరి నూరు

మా మామ పోయినాడు. పోయిన మంగళవారం పొద్దున, షాపులో కత్తులు ముందరేసుకొని నూరతా ఉంటే కబురొచ్చింది. చేతిలో కత్తి చేతిలోనే ఉండిపోయింది.

మామంటే మా అమ్మకు తమ్ముడు. నాకు ఊహ తెలియకముందే మా నాయన పోతే, కత్తి పట్టడం నేర్పి నన్ను మనిషిని చేసింది ఆయనే. తిరుపతిలో రైల్వే స్టేషను ఎదురుసందులో మా క్షవరాల షాపు. మంగళవారం ఎవురూ గడ్డం గీయించుకోరు గదా, ఆ పొద్దు మాకు నూరుడు పని.

సానరాయి కావాలంటే మామ చిత్తూరు దాకా పోయేవాడు. ఆడ కోర్టు పక్కన ఒక ముసలాయన గోనెసంచి పరిచి రాళ్లు అమ్మేవాడు. మామ ఒక్కోదాని మీద నీళ్లు చిలకరించేవాడు. రాయి గుటుక్కున తాగేసిందా, పక్కకు తోసేసేవాడు. నీళ్లు నిలిస్తే గోటితో గీకి, ఆఖర్న రాయిని చెంపకు ఆనించుకొని కండ్లు మూసుకొనేవాడు. "ఏమప్పా, పెండ్లిసూపులా?" అని ముసలాయన నవ్వేవాడు. "కత్తి పోయేది ఈడికే గదప్పా, చెంపను అడగొద్దా?" అనేవాడు మామ.

నాకా, పొగరు! మద్రాసు నుంచి మిషను రాయి తెచ్చినాను. రెండు నిమిషాల్లో పదును. మామకు చెప్పకుండా దానిమీదే నూరి ఒక పెండ్లికొడుక్కు గడ్డం గీసినాను. గదవ కింద తెగింది. తెల్లపంచె మీద నెత్తురు. పెండ్లోళ్లు నోటికొచ్చినట్టు తిడతా ఉంటే, మామ పటిక రుద్దతా "కత్తి నాది, తప్పు నాది" అన్నాడు. నేను ఎనక నిలబడి నోరు తెరవలేదు. ఆ సిగ్గు ఈపొద్దుకీ పోలేదు.

ఆ వారం నుంచి ప్రతి బుధవారం మొదటి గడ్డం మామదే అయింది. నేను నూరిన కత్తిని తన చెంప మీద పరీక్ష పెట్టుకొనేవాడు, ఊరోళ్ల చెంపల కంటే ముందు. గీసినాక చెయ్యి ఎనక్కి తిప్పి చెంపమీద రాసుకొని, "ఇంకొక్క తూరి నూరు" అనేవాడు. ఆ పొద్దు నుంచి పన్నెండేండ్లూ అదే మాట. బాగుండాదని ఒక్కసారి అంటే ఏం పోయేది మామా? ఆ మాట కోసం నూరి నూరి మామ తెచ్చిన రాయి నడుమ గుంట పడింది.

మూడువారాలు జరంతో మంచాన పడినాడు. గడ్డం గీస్తానంటే, "లేసినాక, షాపులో, కుర్చీలో" అన్నాడు. లేవనే లేదు.

ఆ మంగళవారం నేను మామ ఇంటికి చేరేసరికి, "మీ మామను ఈ గడ్డంతో పంపద్దు నాయనా" అని అత్త ఏడ్చింది. మంగళవారమైతే కానీలే అని రాయి తెచ్చుకొని పెరట్లో కూర్చున్నాను. కండ్లనీళ్లు రాయి మీద పడతా ఉంటే తుడుచుకొంటా నూరినాను. నా జన్మలో అంత బాగా నూరింది లేదు. మూడువారాల గడ్డం ఒక్క గాటు లేకుండా వచ్చేసింది.

ముఖం తుడిచి, అలవాటుకొద్దీ నిలబడినాను, మామ చెయ్యి లేస్తుందని. వాకిట్లో పాడె కట్టినోళ్లు తొందర పెడతా ఉండారు. నేనే ఆ చెయ్యి పట్టుకొని, ఎనక్కి తిప్పి, ఆయన చెంపమీద రాసినాను.

"బాగుండాదా మామా?"

ఇంటిల్లిపాదీ నన్నే సూస్తా ఉండారు. నేను చెంబులో నీళ్లు ముంచుకొని మళ్లా పెరట్లోకి పోయినాను. రాయి ఇంకా తడిగానే ఉండాది.