చెరిపేసిన బంతి గుర్తు

జగిత్యాలలో నేను పిల్లలకు టెన్నిస్ నేర్పే మట్టి కోర్టు మీద పొద్దున్నే నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు వేస్తాం. తడిమట్టీ సున్నమూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే రాజేశం సార్ గుర్తుకొస్తారు. ప్రేమగా అని కాదు. ఆ మనిషిని నేను చాలాకాలం నమ్మలేదు. ఇప్పటికీ పూర్తిగా నమ్ముతున్నానో లేదో చెప్పలేను.

సార్‌ది కోరుట్ల. యూనివర్సిటీ జట్టుకు ఆడినవారు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు ఉన్న ఒక యజమాని, తన కూతురు నిఖిత కోసం షెడ్డు వెనక ఖాళీ జాగాలో కోర్టు వేయించి, నేర్పడానికి ఆయన్ను పిలిపించాడు. ఆమెతో ఆడేందుకు ఇంకో పిల్ల కావలసివచ్చింది. మా నాన్న ఆ షెడ్డులోనే మగ్గాల సాంచెలు నడిపేవాడు. అలా తంగళ్ళపల్లి నుంచి ఆటోలో వచ్చే నా చేతికి రాకెట్ దొరికింది.

సార్‌కు ఆట నేర్పడం వచ్చు, ఆ మాట కాదనలేను. నా సర్వీసును భుజం నుంచి మణికట్టు దాకా మళ్ళీ మొదటినుంచి దిద్దారు. కానీ సాయంత్రం మేమిద్దరం మ్యాచ్ ఆడేటప్పుడు వేరే మనిషైపోయేవారు. గీత దగ్గర పడిన అనుమానపు బంతి ప్రతిదీ నిఖితకే. మట్టి మీద బంతి గుర్తు ఉంటుంది కదా, చూద్దామని నేను అటు వెళ్ళేలోగా ఆయన తాపీగా నడిచి బూటుతో చెరిపేసేవారు. ఒకరోజు యజమాని కుర్చీ వేసుకుని చూస్తుండగా నా బంతి సున్నాన్ని లేపడం కళ్ళారా చూశాను.

"సార్, గది గీత మీదనే పడ్డది."

"అవుట్ అన్న గద. ఆడు బిడ్డా." నా మొహం వైపు చూడలేదు.

ఇంట్లో చెబితే అమ్మ, ఆ షెడ్డు కూలితోనే బతుకుతున్నాం, నోరెత్తకు అంది.  నాన్న మర్నాటి నుంచి పని దిగాక గోడ పక్కన నిలబడి సార్ కాళ్ళనే చూసేవాడు. నిఖితకు గెలుపు అలవాటు చేయడానికే నన్ను తెచ్చారని నాకు ఖాయమైపోయింది.

ఆ ఏడు జగిత్యాలలో ఎంపిక పోటీలు జరిగాయి. అంపైర్లు లేరు. ఎవరి వైపు పడిన బంతి లోపలో అవుటో వాళ్ళే చెప్పాలి. నా ఎదుటి పిల్ల మంచి బంతుల్ని కూడా వరసగా అవుట్ అంది. నాకు కోపం రాలేదు. అలవాటే కదా. గీతకు జానెడు లోపలికి కొట్టడం మొదలుపెట్టి గెలిచాను. పక్క కోర్టులో నిఖితకూ అలాంటి పిల్లే ఎదురైంది. ప్రతి బంతికీ నిఖిత సార్ వైపు చూసింది. బయట నిలబడ్డ ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఏడుస్తూ ఓడిపోయింది.

తన పిల్లను సార్ కావాలనే చెడగొట్టి కూలివాడి పిల్లను తయారుచేశాడని యజమానికి అనుమానం పుట్టింది. కోర్టుకు తాళం పడింది. యజమాని మాటే నిజమై ఉండాలని నాకూ తోచింది. నాన్నను వెంటబెట్టుకుని కోరుట్ల వెళ్ళాను.

"నాకు ఓర్పు నేర్పుదామనే గట్ల చేసిండ్రా సార్?"



"లేదు బిడ్డా. నిఖిత ఓడితే కోర్టు పోతదని భయపడ్డ. నీకంటే ఆ పిల్లకే ఎక్కువ అన్యాయం చేసిన."

తిరుగు బస్సులో నాన్న, "గిప్పుడు నిజం చెప్పిండు" అన్నాడు. నాన్న సార్‌ను నమ్మింది ఆ ఒక్కసారే. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలైంది. ఓడిపోవడానికి తెచ్చుకున్న పిల్ల సర్వీసును అంత ఓపికగా ఎందుకు దిద్దారు? నా కృతజ్ఞత తీసుకోవడం ఇష్టంలేక అలా అన్నారా? అడుగుదామంటే సార్ ఇప్పుడు లేరు.

పోయిన నెల, మా కోర్టుకు స్థలమిచ్చిన పెద్దమనిషి తన కొడుకు ఆట చూడ్డానికి వచ్చి గీత పక్కనే కూర్చున్నాడు. ఒక్క పాయింటు మీద ఆట నిలిచినప్పుడు ఆయన కొడుకు బంతి గీతకు వెంట్రుకవాసి అవతల పడింది. పెద్దమనిషి నా వైపు తిరిగాడు. పిల్లలిద్దరూ తిరిగారు. కోర్టు పోతుందన్న సార్ భయం ఆ క్షణంలో నాకూ తెలిసొచ్చింది.

అవుట్ అన్నాను.

ఆట మళ్ళీ మొదలైంది. ఆ బంతి గుర్తును మాత్రం నేను చెరపలేదు.