తలుపు దగ్గర డెలివరీ

మహూజ్ పేటలోని ఆ ఫ్లాటుకి తానే యజమానినని సార్ అనుకుంటాడు. మేడమ్ తానేనని అనుకుంటుంది. నిజానికి ఆ ఇంటిని ఏలేది హాల్లో గోడంత టీవీ. అందులో లండన్ ఛానల్ ఒక్కటే వస్తుంది. మిగతావి రాక కాదు, సార్ రానివ్వడు. బయట బహ్రెయిన్ ఎండ తారురోడ్డుని కరిగిస్తుంటే, ఆ దొర దంపతులు పొద్దున్నే తమ ఊళ్ళో వాన పడుతుందో లేదో చూసుకుని, పడుతుందని తెలిసి నిట్టూర్చి, ఏసీ ఇంకాస్త చల్లగా పెట్టుకుంటారు. గొడుగు ఒక్కటే తక్కువ.

ఆ ఇంట్లో వంట, ఇస్త్రీ, తుడుపు అన్నీ నరసాయమ్మవే. రాజోలు పక్క పల్లె. ఆవిడ ఇంగ్లీషంతా ఆ టీవీ పెట్టిన భిక్ష. అందుకే కూర కుదిరినా లవ్లీ, మాడినా లవ్లీ, కుళాయి కారినా లవ్లీ అనేస్తుంది. అలా అన్నాక ఆ ఇంట్లో ఎవరూ కోప్పడరని ఆవిడ ఎప్పుడో కనిపెట్టింది.

ఇప్పుడు మాత్రం లవ్లీతో తెమలని పని వచ్చిపడింది. కూతురు సాయికుమారికి నెలలు నిండాయి. వచ్చే వారమే అన్నారు డాక్టరు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పిల్ల పుట్టింటికి వచ్చేసింది కూడా. పురుడు పోయాల్సిన తల్లి మాత్రం ఇక్కడ సార్ చొక్కాలకి గంజి పెడుతోంది. సెలవు ఇవ్వాల్సింది సారే, ఆవిడ వీసాకి పూచీ పడ్డ కఫీల్ ఆయనే.

"మంచి మూడు చూసి అడుగొదినా," అంది కింది ఫ్లాట్లో పనిచేసే చిట్టి, ఫోన్లో. "ఆళ్ళు నవ్వుతున్నప్పుడు అడిగెయ్యాల."

శుక్రవారం, సార్‌కి సెలవు. నరసాయమ్మకి సెలవన్న మాటే లేదు గనక, ఆయన సెలవులోంచే తన సెలవు పిండుకోవాలి. పొద్దున్నే వార్తలు. సోఫాలో కూర్చున్న ఇద్దరు నవ్వుతూ నవ్వుతూ ధరల మంట గురించి చెబుతుంటే, ఆ దేశంలో కరెంటు బిల్లు కట్టాల్సిన అవసరమే లేని సార్ ఒంటికాలి మీద లేచాడు. నరసాయమ్మ కాఫీ అక్కడ పెట్టి వచ్చేసింది.

తరవాత పాత సామాన్ల వేలం. ఎవరి అటకమీదో దొరికిన మూతలేని టీకుండకి, మన పక్క ఎకరం కొబ్బరితోట వచ్చేంత ధర పలికింది. అలాంటిదే తాను పారేశానని సార్ మొహం మాడ్చుకున్నాడు. ఆ తరవాత ఇళ్ళు వెతికే కార్యక్రమం. ఓ జంట మూడిళ్ళు చూసి, మూడూ బాగున్నాయని మెచ్చుకుని, ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయింది. వాళ్ళకి ఇల్లు దొరకలేదని మేడమ్ భోజనం మానేసింది. మధ్యాహ్నం కేకుల పోటీలో ఎవరిదో కేకు కుంగిపోతే ఇంట్లో చావు జరిగినంత పనైంది. పొద్దుట్నుంచీ నరసాయమ్మ గుమ్మం దాకా వెళ్ళడం, వాళ్ళ మొహాలు చూడడం, వెనక్కి రావడం.

చివరికి క్విజ్ వచ్చింది. మంగోలియా రాజధాని ఏదని అడిగారు. టీవీలో వాడికి తెలియలేదు, సార్‌కి తెలిసింది. ఆ పట్నాన్ని తానే కట్టించినట్టు తొడ చరుచుకున్నాడు. ఇదే ముహూర్తమని నరసాయమ్మ ముందుకొచ్చి, పొద్దుట్నుంచీ నోట్లో నానబెట్టుకున్న ముక్క బయటపెట్టింది.

"సార్, నెక్స్ట్ వీక్ డెలివరీ. మై డాటర్..." అంటుండగా టీవీలో క్విజ్ గంట మోగి డాటర్ అందులో కొట్టుకుపోయింది. ఆవిడ గొంతు పెంచి, "లీవ్, సార్?" అంది.

సార్ తెరమీంచి చూపు తిప్పకుండానే, "లవ్లీ! ఎస్, ఎస్. లీవ్ ఇట్ ఎట్ ద డోర్," అన్నాడు.

నరసాయమ్మ వంటింట్లోకొచ్చి ఫోను అందుకుంది.

"లవ్లీ అన్నాడే! లీవు అన్నాడు. తలుపు అని కూడా అన్నాడు. తలుపెందుకంటావు?"

"పెట్టె సర్దుకుని తలుపు కాడ పెట్టుకోమని అయ్యుంటాది," అంది చిట్టి, ఇలాంటివాటిలో ఆరితేరిన మనిషి. "దొర మంచోడొదినా."

వెంటనే నరసాయమ్మ సాయికుమారికి ఫోన్ చేసి చెప్పేసింది. "వచ్చేత్తన్నానే! నేనొచ్చేదాకా ధైర్నంగా ఉండు."

"నిజంగానా అమ్మా?" అని ఆ పిల్ల ఏడ్చింది. నరసాయమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే పెట్టె సర్దింది. పాలపొడి డబ్బాలు, పౌడరు, చిన్న చిన్న గౌన్లు, తన పాత నూలుచీర చింపి కుట్టిన పొత్తిగుడ్డలు. తాడు బిగించి, తలుపు దగ్గర పెట్టింది.

సాయంత్రం సార్ నడకకి వెళ్ళొచ్చి ఆ పెట్టె చూశాడు. బాల్కనీకని తాను ఆర్డరిచ్చిన తోట కుర్చీ ఇంత త్వరగా వచ్చేసిందా అని మురిసిపోయి, హాల్లోకి లాక్కొచ్చి తాడు కోసేశాడు. కుర్చీ రాలేదు. బెత్తెడు గౌను వచ్చింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మేడమ్ వైపు చూశాడు. ఆ వయసులో ఆవిడ ఏం తెప్పించుకుందోనని భయపడ్డట్టున్నాడు.

టీ పట్టుకొచ్చిన నరసాయమ్మ నిర్ఘాంతపోయింది. అప్పటికే టీవీలో ప్రసూతి ఆసుపత్రి కార్యక్రమం మొదలైంది. దొరసానులు నిజంగానే బిడ్డల్ని కనే కార్యక్రమం అది. మేడమ్ అందుకోసమని పక్కనే కాగితం రుమాళ్ళ పెట్టె పెట్టుకుని కూర్చుంటుంది. తెరమీద ఒక పిల్ల నొప్పులు పడుతూ "మమ్" అని అరుస్తోంది. వాళ్ళమ్మ పక్కనే ఉంది.

నరసాయమ్మ తెర ముందుకెళ్ళి ఆ పిల్లని వేలితో చూపించింది. "సార్, దిస్ డెలివరీ. మై డాటర్, దిస్. ఐ యామ్ మమ్."

సార్‌కి అప్పుడర్థమైంది. గౌను మెల్లగా పెట్టెలో పెట్టేశాడు. ఎర్రబడ్డాడు కూడా. తరవాత, వచ్చే వారం తమ అమ్మాయి పిల్లల్తో సహా లండన్నుంచి దిగుతోందని, వంట మనిషి లేకపోతే ఎలాగని, వాళ్ళు వెళ్ళాక వచ్చే నెల చూద్దామని, చాలా మర్యాదగా చెప్పాడు. వచ్చే నెల దాకా ఆగమని సాయికుమారి కడుపులో ఉన్నదానికి ఎవరు చెబుతారో మాత్రం చెప్పలేదు.

"కాస్త పక్కకి జరుగుతావా? కనబడటం లేదు," అంది మేడమ్.

నరసాయమ్మ జరిగింది. తెరమీద బిడ్డ పుట్టింది. కేర్‌మంది. సార్ ముక్కు చీదుకున్నాడు. మేడమ్ కళ్ళొత్తుకుంటూ పక్కకి చూస్తే, నరసాయమ్మ నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. మేడమ్ మనసు కరిగిపోయింది. తన పక్కనున్న రుమాళ్ళ పెట్టెలోంచి ఒకటి లాగి చేతిలో పెట్టింది.

"ఏడవకు," అంది. "బిడ్డ క్షేమంగానే ఉంది, చూడు. లవ్లీ, కదూ?"

ఆ ఇంట్లో మొదటిసారి నరసాయమ్మకి ఆ మాట నోట రాలేదు. వంగి, గౌన్లు మడతపెట్టింది. తెగిన తాడుని ముడేసి బిగించింది. పెట్టెని తన గదికి తీసుకెళ్ళలేదు. మళ్ళీ తలుపు దగ్గరికే ఈడ్చింది. లీవ్ ఇట్ అంటే సెలవు కాదని ఇప్పుడు ఆవిడకి బాగా తెలుసు. అయినా సరిగ్గా తలుపుకి అడ్డంగా పెట్టి, ఇంకో పని కోసం వంటింట్లోకి వెళ్ళకుండా, దానిమీదే కూర్చుంది.