పదహారు రోజుల పండుగ, పంతం పట్టిన డ్రైవర్

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు తెలియని కంప్యూటర్ విద్య భూమ్మీద లేదని రామన్నపేటలో ఇద్దరు గట్టిగా నమ్మేవారు. ఒకణ్ణి నేను. రెండో ఆయన నాకు కొలువిచ్చిన ఫొటో స్టూడియో యజమాని. (వరసకు ఏమీ కాకపోయినా మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు.) నల్లగొండలో చేసిన మూడు నెలల కోర్సు సర్టిఫికెట్‌కు ల్యామినేషన్ చేయించి, స్టూడియో గోడకు నేనే మేకు కొట్టి తగిలించుకున్నాను. పెళ్లి వీడియోలలో వధూవరులను మేఘాల మీద నడిపించడం, గులాబీ పువ్వులోంచి బయటికి తీయడం నా ఉద్యోగం.

కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు పాత కంప్యూటర్ సత్తా చాలడం లేదని మామ హైదరాబాద్ నుంచి ఒక గ్రాఫిక్స్ కార్డు తెప్పించాడు. కార్డు నేనే బిగించాను. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, మాత్రం ఎక్కనంది. ఎక్కినట్టే ఎక్కి, తగిన హార్డ్‌వేర్ కనబడలేదని తెర మీద చెప్పి దిగిపోయేది. అది లేనిదే ఎడిటింగ్ తెర తెరుచుకోదు. అప్పటికి చేతిలో ఉన్నది పక్క ఊళ్లో గొర్రెలు కాసుకునే వాళ్లింటి పెళ్లి వీడియో. పెళ్లికూతురి నాయనమ్మ కాలు విరిగి దవాఖానలో ఉండిపోవడంతో, తాను పెంచిన మనవరాలి పెళ్లి చూసుకోలేకపోయింది. పదహారు రోజుల పండుగకు పిల్ల ఇంటికొచ్చేనాటికి టీవీలో చూపిస్తామని మామ మాటిచ్చాడు. పండుగ ఇంక మూడు రోజులుంది. పెళ్లికూతురి తండ్రి వచ్చి నిలబడి, వాళ్లమ్మ గురించి ఒక్కటే మాట చెప్పి వెళ్లాడు. “మా అవ్వ పొద్దుకు పదిసార్లు అడుగుతాంది సార్. జర జల్ది చెయ్యుండ్రి.”

ఆ మాటతో నాలో పౌరుషం బుసకొట్టింది. సిగ్నల్ కోసం నెట్ డాంగిల్‌ను వెదురుబొంగుకు కట్టి, డాబా మీద జెండాలా నిలబెట్టాను. ఒక్కో ఫైలు దిగేలోపు గొర్రె ఈని, ఆ పిల్ల మేతకు కూడా పోయి వచ్చేది. పదకొండు రకాల డ్రైవర్లు దించాను. విండోస్ నాలుగుసార్లు తీసి మళ్లీ వేశాను. అన్నం కీబోర్డు ముందే, స్నానం వాయిదా. రెండో రోజు సాయంత్రం మామ గోడ మీది సర్టిఫికెట్‌ను కాసేపు చూసి, “ల్యామినేషన్ అయితే మంచిగున్నది అల్లుడా” అని బయటికి పోయాడు. నేను పళ్లు కొరుక్కుని పన్నెండో డ్రైవర్ దించడం మొదలుపెట్టాను.

అదీ ఎక్కినట్టే ఎక్కి దిగిపోయింది. మర్నాడు పొద్దున్నే పెట్టె మూత తీసి కార్డునే బయటికి లాగాను. కంప్యూటర్‌లోకి దూరే బంగారు రంగు పట్టీ మీద వరుసగా అయిదు బొట్లు, పసుపూ కుంకుమా, ఎండి పెచ్చుకట్టి ఉన్నాయి. పెట్టిన మహానుభావుణ్ణి నేనే. కార్డు వచ్చిన రోజు మామవాళ్లమ్మ పళ్లెం పట్టుకొచ్చి, “కొత్త సామాను బిడ్డా, బొట్టు పెట్టకుంట గట్లెట్ల పెడ్తవ్?” అంది. కార్డు మిగతా ఒళ్లంతా నల్లగా ఉంది, బొట్టు కనబడదు. అందుకని ఎంతో కళాపోషణతో మెరిసే జాగా చూసి పెట్టాను. (కరెంటు సంబంధాలన్నీ ఆ పట్టీతోనే అని కోర్సులో చెప్పిన రోజు నాకు జ్వరం.)

పక్క కొట్లోంచి పెన్సిల్ రబ్బరు తెచ్చి, దేవుడి విగ్రహం తోమినంత భక్తిగా తోమాను. ఏం చేస్తున్నావని మామ అడిగితే, ఇది చాలా లోతైన పని అని గంభీరంగా చెప్పాను. మళ్లీ బిగించాను. అయిదే అయిదు నిమిషాల్లో డ్రైవర్ కిమ్మనకుండా ఎక్కి కూర్చుంది.

ఆ పూటా, మర్నాడు పొద్దునా కుర్చీ దిగకుండా వీడియో పూర్తి చేసి, పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని ఆ ఊరికి పోయాను. కాలికి సిమెంటు కట్టుతో అవ్వ మంచం మీద, ఆమె పక్కనే మనవరాలు. నా మేఘాలనూ గులాబీలనూ అవ్వ లెక్కలోకే తీసుకోలేదు. అంతా అయ్యాక మెల్లగా అంది. “గా పుస్తె కట్టేది ఇంకోపారి పెట్టు బిడ్డా. కండ్లు తుడుసుకుంటుంటే దాటిపాయె.” మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ సరిగ్గా అక్కడికొచ్చేసరికి కొంగు కళ్ల మీదికి పోయింది.

ఇప్పుడు డ్రైవర్లు వాటంతట అవే ఎక్కుతున్నాయి. ఫోను రెండు క్షణాలు ఆగితే మంచం మీదికి విసిరికొట్టే స్థాయికి నేనూ ఎదిగాను. తన తప్పుతో తానే రెండు రోజులు కుస్తీ పట్టి, గెలిచినందుకు నెల రోజులు కాలర్ ఎగరేసుకు తిరిగిన ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. మామకు మాత్రం అసలు సంగతి ఇప్పటికీ చెప్పలేదు. ఆ కుర్రవాడి పరువు నేనెందుకు తీయాలి?