దగ్గితే నచ్చినట్టు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తెలిసినవి వేళ్ల మీద లెక్కపెట్టుకోవలసి వస్తోంది గానీ, ఇరవై మూడేళ్ల వయసులో, ఆదిత్యపూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర కంప్యూటరు ముందు కూర్చుని మూడో జీతం అందుకున్న నాకు దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తం అరచేతిలో ఉన్నట్టుండేది. ఇళ్లు అమ్ముడుపోవడం లేదని, ఇప్పుడు కొనేవాడు ఎంత చెబితే అంతేనని పేపర్లో చదివి, ఆ ముక్క ఇంట్లో రోజుకు నాలుగుసార్లు వల్లించేవాణ్ణి. వినేవాళ్లు ముగ్గురు: అమ్మ, నాన్న, చెల్లి. (చెల్లి వినేది కాదు, విన్నట్టు కనబడేది.)

మాకు ఇల్లు నిజంగానే అవసరం. నాన్న టాటానగర్ రైల్వేలో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. నాలుగు నెలల్లో క్వార్టర్ ఖాళీ చేయాలి, అందులో రెండు అప్పటికే అయిపోయాయి. రిటైరైన రోజు తోటివాళ్లు ఆయనకొక గోడగడియారం ఇచ్చారు. దాన్ని ట్రంకుపెట్టె మీద వెల్లకిలా పడుకోబెట్టారు నాన్న. టైము చూడాలంటే బావిలోకి తొంగిచూసినట్టు వంగి చూడాలి. "గోడకి తగిలించొచ్చు కదా" అంటే, "సర్కారోడి గోడకి మేకు కొట్టకూడదురా. మన గోడొచ్చినాక కొడతాను" అనేవారు. కాలనీలో అందరి గోడలకీ మేకులున్నాయి. క్యాలెండరు కిటికీ ఊచకి కట్టుకున్న మనిషి మా నాన్న ఒక్కరే.

అలాంటి సమయంలో ఊళ్లోనే, భాలుబాసాలో మూడో అంతస్తు ఫ్లాటు ఒకటి తెలిసింది. ఇంటాయన కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరైన మనవైపు మనిషి (తరువాత ఆయన మాకు క్రేన్ మామ అయ్యాడు). పలాస వెళ్లిపోయి జీడిపప్పు వ్యాపారం పెట్టుకోవాలని ఆయన ఆశ. ఏడాదిగా బోర్డు వేలాడుతున్నా అడిగే నాథుడు లేడని విని నేను చేతులు నలుపుకున్నాను.

ముందురోజు సాయంత్రం ఇంట్లోవాళ్లకి శిక్షణ ఇచ్చాను. ఏదీ బాగుందని అనకూడదు. మొహాలు ముటముటలాడుతూ ఉండాలి. మెచ్చుకుంటే ధర దిగదు. మరీ నచ్చి ఆగలేకపోతే ఒక్కసారి దగ్గండి, నేను గ్రహించుకుంటాను అన్నాను.

"ఔర్ పసంద్ నహీఁ ఆయా తో?" అంది చెల్లి.

"నచ్చకపోతే నోరారా చెప్పు. అదే కదా మనకి కావలసింది!"

ఆదివారం పొద్దున్న బయల్దేరాం. రెండో అంతస్తు దగ్గరే నాన్న ఆయాసంతో దగ్గారు. "ఇంకా ఇల్లే చూడలేదు, అప్పుడే వద్దు" అని చెవిలో కసురుకున్నాను.

లోపలికి వెళ్లాక నా పథకం నా చేతులు దాటిపోయింది. వంటింటి కిటికీలోంచి దల్మా కొండలు కనబడుతున్నాయి. అమ్మ దగ్గింది. బాల్కనీలో తులసికుండీకి చక్కగా ఎండ తగులుతోంది. అమ్మ మళ్లీ దగ్గింది. పుట్టి బుద్ధెరిగాక తలుపున్న సొంత గది ఎరగని చెల్లి వెనకగది చూసి ఆగకుండా దగ్గింది. నాన్న హాల్లో గోడ మీద అరచెయ్యి వేసి మెల్లగా నిమురుతున్నారు. ఆయన దగ్గబోయారు గానీ, దగ్గుకి బదులు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను మాత్రం క్రేన్ మామని సోఫాలో కూలేసి, "మార్కెట్ డౌన్ హై" అని ఉపన్యాసం ఇస్తున్నాను. ఆయన మొహం వాడిపోయింది. "తెలుసు బాబూ. ఏడాదై ఒక్కుడూ మెట్లెక్కనేదు" అన్నాడు.

ఇంతలో ఇంటావిడ గుండెలు బాదుకుంటూ వచ్చింది. "ఓలమ్మో, ఇంటిల్లిపాదికీ ఇదేటి దగ్గు! కూకోండి, కదలకండి!" పది నిమిషాల్లో అల్లం, మిరియాలు, ఆ తులసే వేసి మరిగించిన కషాయం నాలుగు స్టీలుగ్లాసుల్లో వచ్చింది. నేను ఒక్క గుక్క మింగాను. నాలుక నా మాట వినడం మానేసింది.

అమ్మ గ్లాసు పట్టుకుని ఆవిడ మొహంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. గ్లాసు కింద పెట్టేసింది.

"వదినా, అబద్దమాడి మీ సేతి కషాయం తాగలేను. మాకు దగ్గూ లేదు, జలుబూ లేదు. ఇల్లు నచ్చితే దగ్గమని మావోడు నేర్పినాడు."

నాకు మూడో అంతస్తు నుంచి దూకాలనిపించింది. ఇంటావిడ కాసేపు లెక్క వేసుకుంది.

"అయితే... అన్నిసార్లు నచ్చిందేటి?" అంది. అని, మొగుడి వైపు తిరిగింది. "ఇంక నా వల్ల కాదు, సెప్పేత్తన్నాను. వదినా, వానొత్తే ఆ ఎనకగది మూల కారతాది. కింద బాల్దీ పెడతాం. మీకు సెప్పొద్దని ఈయన ఆ మూలకి బీరువా జరిపించినారు."

నేనూ క్రేన్ మామా ఒకరి మొహం ఒకరం చూసుకుని, నా గ్లాసు నేనూ, అమ్మ కింద పెట్టేసిన గ్లాసు ఆయనా మొత్తం తాగేశాం. ఆడవాళ్లు మాత్రం అప్పుడే ఏ ఊరు, ఎవరి పిల్ల అన్నదాకా వెళ్లిపోయారు.

నాన్న గోడ దగ్గరే నిలబడి ఒక్క ప్రశ్న అడిగారు. "మేకు కొడితే ఆగుతాదా?" క్రేన్ మామ లోపలికెళ్లి సుత్తి తెచ్చాడు. "కొట్టి సూడండి." నాన్న సుత్తి అందుకుని మళ్లీ ఇచ్చేశారు. "రిజిస్ట్రీ అవనీండి" అన్నారు. నా లెక్కకన్నా కాస్త ఎక్కువకీ, క్రేన్ మామ ఆశకన్నా కాస్త తక్కువకీ బేరం కుదిరింది. ఇంట్లోవాళ్లే నన్ను ముంచేశారని వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రిజిస్ట్రీ అయిన సాయంత్రం నాన్న మేకు కొట్టి, గడియారం తగిలించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అన్నానికి పిలిచినా లేవలేదు. ఆ మనిషిని చూశాక నా అలక నాకే సిగ్గనిపించింది.

ఆ ఇంట్లో చాలా ఏళ్లు గడిచాయి. నాన్న పోయి మూడేళ్లయింది. అమ్మ మోకాళ్లు మూడంతస్తులు ఎక్కలేమంటున్నాయి. సీతారాండేరాలో కింది వాటా ఒకటి చూశాం. ముందు ఇది అమ్ముడవాలి, మార్కెట్ చూస్తే మళ్లీ పడుకుంది. కిందటి నెల ఒక కొత్త జంట వచ్చారు. అబ్బాయి ముటముటలాడే మొహంతో, "మార్కెట్ తో డౌన్ హై, అంకుల్" అన్నాడు. (అంకుల్!) వంటింటి కిటికీ దగ్గర ఆ అమ్మాయి కొండలు చూస్తూ చిన్నగా దగ్గింది. లోపల్నించి అమ్మ, "ఎవులురా దగ్గుతన్నారు? అల్లం దంచమంటావేటి?" అని కేకేసింది.

నేను వాళ్లని ముందు వెనకగదికి తీసుకెళ్లి కారే మూల చూపించాను, బాల్దీ కూడా చూపించాను. తరువాత హాల్లోకి తెచ్చాను. గడియారం మేం తీసుకెళతాం గానీ ఆ మేకు మాత్రం ఉంచేస్తాం, గట్టిగా ఉంటుంది, దాన్ని కొట్టడానికి మా నాన్న ముప్ఫై నాలుగేళ్లు ఆగారు అని చెప్పబోతే, నాకే దగ్గొచ్చింది.