మా బాపును చంపిండన్న పేరు మోసిన రహీమ్ చాచా

నిన్న పొద్దుగాల ఫోన్ వచ్చింది. రహీమ్ చాచా పోయిండని.

తొంభై దాటిన మనిషే. అయినా ఉన్నదున్నట్టే ఉరికిన.

వెంటిలేషన్ ఇంజనీరింగ్ అంటే ఏందో మా నిజామాబాద్‌కు చూపిచ్చిన మొదటి మనిషి ఆయన.

అరవైలల్ల మా బాపు బోధన్ దిక్కు ఒక చక్కెర మిల్లుల, చెరుకు రసం ఉడికే హాల్‌ల పనిచేసేటోడు. ఆ వేడికి మనుషులు కండ్లు తిరిగి పడేటోళ్లు. అక్కడ ఇంజనీర్‌గ ఉన్న చాచా పెద్ద ఫ్యాన్లు, రేకు గొట్టాలు పెట్టించిండు. మొదటిసారి గాలి కొట్టిననాడు బాపు నవ్వుకుంట ఇంటికొచ్చిండు.

తర్వాత ఎండలు ముదిరినయ్. కరెంట్ మిగులుతదని మేనేజర్ ఫ్యాన్లు బంద్ పెట్టించిండు. చాచా పోయి కొట్లాడిండు. ఇనలే.

గా వారంలనే బాపు హాల్‌ల పడిపోయిండు. మళ్ల లేవలే.

మేనేజర్ అందరి ముందట, ఇంజనీర్ పెట్టిన ఫ్యాన్లే పనికిరానియి అన్నడు. చాచా నౌకరీ పీకేసిండ్రు.

మిల్లు గేటు కాడ నన్ను గన్న అవ్వ ఆయన మొఖం మీద ఉమ్మింది. నేను అవ్వ కొంగు పట్టుకొని ఉన్న.

ఆయన తల వంచుకొని పోయిండు. తుడుచుకోను కూడ లేదు.

తర్వాత నిజామాబాద్‌లనే కంఠేశ్వర్ దిక్కు చిన్న షెడ్డు పెట్టుకున్నడు. రైస్ మిల్లులకు, టాకీసులకు ఫ్యాన్లు బిగిచ్చేటోడు. జనం "మనిషిని మింగిన ఇంజనీర్" అని నవ్వేటోళ్లు.

నేను పెద్దయినంక మిల్లుల పాత పనోళ్లు అసలు సంగతి చెప్పిండ్రు. పోయి ఆయన షెడ్డులనే పనికి చేరిన. అవ్వకు చెప్తే నమ్మలే, నాతోని ఏండ్లకేండ్లు మాట్లాడలే.

ఒకదినం అడిగిన. "చాచా, గానాడు నిజం ఎందుకు చెప్పలే?"

"బంద్ చేసింది వాళ్లే బేటీ. గాని స్విచ్ వాళ్ల ఆఫీసుల పెట్టనిచ్చింది నేను. పనోళ్ల చేతికందేటట్టు పెట్టిస్తే మీ బాపు బతికేటోడు."

బాపు పోయినప్పటి సంది, స్విచ్ పనోళ్ల కాడ పెట్టమంటే ఒప్పుకోని సేట్ల పని ఆయన పట్టలే. శానా పనులు పోయినయ్. బీదోడిగనే మిగిలిండు.

మేనేజర్ పోయిననాడు బజార్ మూసిండ్రు.

నిన్న చాచా జనాజాకు పట్టుమని పదిమంది రాలే.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పిన. "మంచిగైంది" అన్నది. అన్నం పెట్టుమన్నది.

పెట్టిన.

పోయిరా చాచా. ఇగ ఎవ్వల మాటా నీకు ఇనబడది. సల్లగ పండుకో.